సరుకు సంతకం పెట్టదు

పెళ్ళాలను అమ్ముకున్న మొగుళ్ళలో నిజాయితీపరుడెవరంటే నేను జోసెఫ్ థాంప్సన్ పేరే చెబుతాను. ఇంగ్లండులో కార్లైల్ దగ్గరి రైతు. 1832 ఏప్రిల్ 7న మిట్టమధ్యాహ్నం, నడిబజార్లో భార్యను పెద్ద కుర్చీ ఎక్కించి, మెడలో గడ్డితాడు వేసి వేలం పాడాడు. ముందు లోపాలు చెప్పాడు. పుట్టుపాము అన్నాడు, పగటి దయ్యం అన్నాడు, ఇంటికి పట్టిన శని అన్నాడు. ఆ తర్వాత గుణాలు చెప్పాడు. నవలలు చదువుతుంది, పాలు పితుకుతుంది, వెన్న తీస్తుంది, పాటలు పాడుతుంది. రమ్మూ జిన్నూ విస్కీ కాయడం రాదు గాని, ఏళ్ళ తరబడి రుచి చూసిన అనుభవం కొద్దీ వాటి నాణ్యం ఇట్టే చెబుతుందన్నాడు. యాభై షిల్లింగులు అడిగాడు. గంటసేపు ఎవడూ ముందుకు రాలేదు. చివరికి ఇరవై షిల్లింగులకూ ఒక న్యూఫౌండ్‌లాండ్ కుక్కకూ బేరం తెగింది. థాంప్సన్ పెళ్ళాం మెడలో తాడు విప్పి కుక్క మెడకు తగిలించి, దాన్ని నడిపించుకుంటూ సారాకొట్టుకు వెళ్ళాడు.

ఛీ అనకండి. ధర చాటింపు వేసి చెప్పాడు. లోపం దాచలేదు. తాడు అందరికీ కనబడేలా కట్టాడు. తీసుకుపోయేవాడు ఎదురు డబ్బులు అడగలేదు సరికదా, చేతిలో ఉన్న కుక్కను కూడా ఇచ్చి పోయాడు. అన్నిటికంటే ముఖ్యం, "మాకేం ఆశ లేదండీ" అన్న మాట ఆ బజార్లో ఒక్కరి నోటా రాలేదు.

ఆ మాట వినాలంటే మహారాష్ట్ర చంద్రపూర్ రావాలి, పాత పేరు చాందా. మా బాబుపేట్ రావాలి. చాందా బొగ్గు బాయిల్లోనూ బల్లార్‌పూర్ కాగితం మిల్లులోనూ పనికని తాతల నాడు గోదావరి, ప్రాణహితలు దాటి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు ఇళ్ళున్న పేట ఇది. మావాడు బజార్లో మరాఠీ మాట్లాడతాడు, ఖదాన్‌లో హిందీ మాట్లాడతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. కట్నం మాత్రం ఏ భాషలో ఇచ్చినా తీసుకుంటాడు.

ఒక ఆదివారం పొద్దున ఏ గల్లీలోనైనా చెవి పెట్టండి. వరండాలో అద్దె ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు ప్లేట్లలో పోహా, పైన సన్నగా తరిగిన కొత్తిమీర. పిల్లగాని తండ్రి చాయ్ ఊదుకుంటూ మొదలుపెడతాడు.

"మాకేం ఆశ లేదు బావా. మీ పిల్ల, మీ ఇష్టం. ఏం పెట్టుకుంటరో పెట్టుకోండ్రి."

"అట్లనే బావా, మాకున్న కాడికి..."

"గాని ఒక్క ముచ్చట. పోరడు పర్మనెంటు. మొన్న రాజురా దిక్కు నుంచి ఒక సంబంధమొచ్చింది. ఆళ్ళు పది తులాలు, కారు అన్నరు. మేమే వద్దన్నం. మనిషి ముఖ్యం గదా."

ఆశ లేనివాడు తన ధర చెప్పేశాడు. పిల్ల తండ్రి చేతిలో పోహా చల్లారిపోతుంది. లోపలి గదిలో బీకాం చదివిన పిల్ల గోడకానుకొని అంతా వింటూనే ఉంటుంది. ఆమెను పిలిచి అడిగేది ఒక్క ప్రశ్న: "వంటొస్తదా బిడ్డా?" పది తులాల గురించి ఆమె అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. థాంప్సన్ అయినా తన భార్యను నాణ్యం చెప్పగలదని పొగిడాడు.

వ్యాపారం తెలిసినవాళ్ళు ఈ లెక్క చూస్తే తల పట్టుకుంటారు. కార్లైల్‌లో సరుకు ఇచ్చినవాడికి డబ్బొచ్చింది. మన దగ్గర సరుకూ ఇవ్వాలి, డబ్బూ ఇవ్వాలి, బండి మీద ఎక్కించి పంపాలి, తర్వాత పండగ పండగకూ కొన్నవాణ్ణి పిలిచి కొత్త బట్టలు పెట్టాలి. ఇంత చేసినా సరుకు తిరిగిరావచ్చు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దేశంలో ఏటా ఆరు వేలకు పైగా ఆడపిల్లలు కట్నం చావుల కింద పోలీసు లెక్కలకెక్కుతున్నారు. ఆ లెక్కకెక్కిన ప్రతి ఇంట్లోనూ మొదట్లో ఎవరో ఒకరు "మాకేం ఆశ లేదు" అనే ఉంటారు.

మనం మొదటి నుంచీ ఇలా నష్టానికి అమ్మినవాళ్ళం కాదు లెండి. లాభానికి అమ్మిన రోజులూ ఉన్నాయి. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళకు జాబితా వేయిస్తే 1,034 తేలాయి. అడిగితే చెప్పినవాళ్ళవి మాత్రమే. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న పిండానికి కూడా బేరాలు జరిగేవని గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ముందుమాటలో రాసిపెట్టారు. ఇప్పుడు కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిస్తే బేరం చెయ్యరు, స్కానింగు గది పక్కనున్న ఆపరేషన్ గదికి వెళతారు. నూట పాతికేళ్ళ ప్రగతి.

ఆ నాటకం చూసి మనం నవ్వుకున్నాం. గిరీశం మాటలు కంఠతా పట్టాం. అగ్నిహోత్రావధాన్లు మీద జాలి కూడా పడ్డాం. తర్వాత ఇంటికొచ్చి, ధర చెల్లించే దిక్కు మార్చుకున్నాం. వస్తువు మాత్రం అదే. రెండు వైపులా అమ్మిన ఏకైక జాతి మనదేనేమో.

కష్టం చేసుకుని బతికే కులాల్లో వేరే ఏర్పాటు ఉండేది. దాన్ని ఓలి అనేవాళ్ళు. మగపిల్లవాడి తరఫున పిల్ల తండ్రికి కట్టాలి. ఆమె మొగుణ్ణి వదిలి ఇంకొకడితో మారుమనువు పోతే కులపెద్దలు చెట్టు కింద కూర్చుని, పాతవాడు పెట్టుకున్న ఖర్చు కొత్తవాడి చేత కక్కించేవాళ్ళు. పెద్దల గొంతులు తడవడానికి కల్లు ఖర్చు విడిగా. అగ్రహారం దీన్ని చూసి ముక్కు మూసుకుంది. కానీ ఈ పద్ధతిలో ఆమెకు బయటపడే దారి ఒకటుంది. అగ్రహారంలో ఏడాది పిల్లను కొన్న ముసలివాడు పోతే ఆ పిల్లకు మిగిలేది బోడిగుండు.

ఇంగ్లండులోనూ కథ అంతే. అక్కడ పెళ్ళాల అమ్మకం చట్టమేమీ కాదు. కాని 1857 దాకా విడాకులు కావాలంటే పార్లమెంటులో తన కోసం ఒక చట్టమే చేయించుకోవాలి. నూటయాభై ఏళ్ళలో అలా చేయించుకోగలిగినవాళ్ళు మూడొందల పైచిలుకు, వాళ్ళలో ఆడవాళ్ళు నలుగురు. బీదవాడికి పార్లమెంటు అందదు, పశువుల సంత అందుతుంది. చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ (కుక్కను కొట్టేసిన థాంప్సన్‌కు ఈయన చుట్టం కాడు) ఆ అమ్మకాలను తవ్వి చూసి, చాలా చోట్ల కొనేవాడు ముందే కుదిరి ఉండేవాడని, తరచుగా ఆమెకు మనసైనవాడే వచ్చి కొనుక్కుపోయేవాడని తేల్చాడు. బీదల విడాకులన్నమాట. కాదనను. అయితే ఆమె ఇష్టపడి వెళ్ళేటప్పుడు కూడా తాడు ఒక మగవాడి చేతిలోంచి ఇంకో మగవాడి చేతికి మారాల్సిందే. కొస ఆమె చేతికి రాదు. అమ్మకం చీటీ రాసుకున్న చోట అమ్మినవాడి సంతకం ఉంటుంది, కొన్నవాడి సంతకం ఉంటుంది, సాక్షి వేలిముద్ర ఉంటుంది. సరుకు సంతకం పెట్టదు.

ఇదే దొరలు మన దేశమొచ్చి, ఎరుకలవాళ్ళు ఆడవాళ్ళను తాకట్టు పెడతారని గ్రంథాల్లో ఎక్కించి ముక్కున వేలేసుకున్నారు. 1871లో నేరస్థ తెగల చట్టం చేసి, తర్వాత ఆ ఎరుకలవాళ్ళను అందులో కట్టేశారు. కార్లైల్ రైతులను ఏ తెగలోనూ చేర్చలేదు.

మనమూ పెద్దమనుషులమే. సంతలో అమ్మం, రంగస్థలం మీద అమ్ముతాం. హరిశ్చంద్ర నాటకం చూడని తెలుగువాడు ఉండడు. విశ్వామిత్రుడికి అప్పు పడ్డది ఎవరు? హరిశ్చంద్రుడు. మాట ఇచ్చింది ఎవరు? హరిశ్చంద్రుడు. కాశీ నడివీధిలో కాలకౌశికుడికి ముందుగా అమ్ముడుపోయింది ఎవరు? చంద్రమతి, పక్కన పిల్లవాడు. అప్పు ఆయనది, సత్యం ఆయనది, అంట్లు తోమింది ఆవిడ. నాటకం పేరు సత్యహరిశ్చంద్ర. కాటిసీను పద్యాలకు వన్స్‌మోర్ కొట్టే జనంలో ఒక్కడైనా "ఆవిడను అమ్మే హక్కు నీకెవడిచ్చాడు స్వామీ" అని లేచి అడిగిన ప్రదర్శన ఉంటే చెప్పండి, ఆ ఊరికి వెళ్ళి దండం పెట్టి వస్తాను.

ఆ ప్రశ్న అడిగింది ద్రౌపది ఒక్కతే. జూదంలో ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, ముందు నన్ను ఓడాడా? తనే బానిసైపోయినవాడికి నన్ను పందెం కాసే అధికారం ఎక్కడిది? సివిల్ కోర్టులో తిరుగులేని ప్రశ్న. సభలో తాత ఉన్నాడు, గురువు ఉన్నాడు, గుడ్డిరాజు ఉన్నాడు. భీష్ముడంతటివాడు ధర్మం బహు సూక్ష్మమమ్మా అని గడ్డం సవరించుకున్నాడు. సూక్ష్మం నిజమే. ఆడదాని ఆస్తి విషయానికొచ్చేసరికి మన ధర్మం ఎప్పుడూ కంటికి కనబడనంత సూక్ష్మంగానే ఉంటుంది. మగవాడి వాటా విషయంలో కొలతరాయంత.

మహారాష్ట్రలో ఉన్నాం కాబట్టి ఇక్కడి ముచ్చటే చెప్పుకుందాం. బొంబాయి పిల్ల రఖ్మాబాయికి పదకొండేళ్ళకు దాదాజీ భికాజీతో పెళ్ళి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంది. 1884లో దాదాజీ కోర్టుకెక్కాడు. 1885లో పిన్హే అనే జడ్జి ఆమెను బలవంతంగా పంపడం కుదరదన్నాడు. దేశం అట్టుడికింది. తిలక్ గారి 'కేసరి' ధర్మం మునిగిపోతోందని గగ్గోలు పెట్టింది. 1887లో ఫారన్ అనే ఇంకో జడ్జి, కాపురానికి వెళతావా, ఆరు నెలలు జైలుకు వెళతావా అన్నాడు. జైలుకే వెళతానంది. చివరికి 1888లో రాజీ కుదిరింది. దాదాజీకి రెండు వేల రూపాయలు ముట్టాయి, ఆయన భార్య మీద హక్కు వదులుకున్నాడు. ప్రపంచ అమ్మకాల చరిత్రలో ఒక మెట్టు పైకి: భార్య తనను తానే కొనుక్కుంది. ఆ తర్వాత లండన్ వెళ్ళి చదివి 1894లో డాక్టరైంది. థాంప్సన్ మార్కెట్టు ప్రకారం చూస్తే దాదాజీకి గిట్టుబాటు ధరే వచ్చింది. కుక్క ఒక్కటే తక్కువ.

పాతకాలపు మాటలంటారేమో. 1860లో మెకాలే వారసులు రాసిన శిక్షాస్మృతిలో 497 అని ఒక సెక్షన్ ఉండేది. పరాయివాడి భార్యతో సంబంధం పెట్టుకుంటే నేరం. ఎప్పుడు నేరం? ఆ భర్త అనుమతి లేనప్పుడు. ఆయన సరే అంటే నేరం లేదు. ఆవిడ సరే అన్నదా లేదా అన్నది చట్టానికి అక్కర్లేదు. శిక్ష ఆ మగవాడికే, భార్యకు లేదు. చాలామంది దీన్ని ఆడవాళ్ళ మీద దయ అనుకున్నారు. దొంగతనం కేసులో దొంగను జైల్లో వేస్తారు గాని, పోయిన సొత్తును జైల్లో వెయ్యరు కదా. ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. నూట యాభై ఎనిమిదేళ్ళు. స్వతంత్ర భారతంలోనే డెబ్భై రెండు జెండా పండగలు.

రఖ్మాబాయిని వెంటాడిన చట్టం మాత్రం ఇంకా బతికే ఉంది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్, దాంపత్య హక్కుల పునరుద్ధరణ. వినడానికి పాత గుడికి సున్నం వేయించినంత పవిత్రంగా ఉంటుంది. 1983లో ఒక తెలుగు జడ్జి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, 'మరోచరిత్ర' నాయిక సరిత కేసులో ఇది రాజ్యాంగానికే విరుద్ధమని కొట్టిపారేశారు. మరుసటి ఏడే, 1984లో, సుప్రీంకోర్టు ఇంకో కేసులో దాన్ని మళ్ళీ నిలబెట్టింది. 2024లో కొత్త శిక్షాస్మృతి వచ్చింది, పేరులో న్యాయం కూడా చేరింది. మొగుడు చేస్తే అత్యాచారం కాదన్న మినహాయింపు పాత ఇంట్లోంచి కొత్త ఇంటికి జాగ్రత్తగా మోసుకొచ్చారు. దాన్ని నేరమంటే మరీ కఠినమైపోతుందని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. ఎవరికి కఠినమో చెప్పనక్కర్లేదు.

ఇక మా బొగ్గు సంగతి. బాబుపేట్ తెలుగువాడికి వేదం, పురాణం, రాజ్యాంగం అన్నీ ఒకటే: జాతీయ బొగ్గు వేతన ఒప్పందం. అందులో 9.3.3 అని ఒక క్లాజు. సర్వీసులో ఉన్న కార్మికుడు చనిపోతే ఉద్యోగం ఎవరికి? భార్యకో భర్తకో, కొడుక్కో, దత్తకొడుక్కో, పెళ్ళి కాని కూతురికో. వీళ్ళెవరూ లేకపోతే? తమ్ముడికి, విధవ కూతురికి, విధవ కోడలికి, ఇంట్లోనే ఉండే అల్లుడికి. ఇంకోసారి చదవండి. పెళ్ళయిన కూతురు ఈ జాబితాలో లేదు. పెళ్ళయిన కూతురి మొగుడు ఉన్నాడు. బాపు కడుపున పుట్టిన పిల్ల బాపుకు ఏమీ కాదు, ఆ పిల్లను కట్టుకున్నవాడు ఆశ్రితుడు. ఆమె మళ్ళీ లెక్కలోకి రావాలంటే ఏం చెయ్యాలి? మొగుడు చచ్చిపోవాలి. ఇంత నిఖార్సయిన వ్యంగ్యం రాయడం నా వల్ల కాదు. మేనేజ్‌మెంటూ, ఎర్రజెండా యూనియన్లూ, మూడురంగుల యూనియన్లూ, కాషాయం యూనియన్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు పెట్టిన వాక్యం అది. దేశంలో అన్ని జెండాలూ ఏకమైన సందర్భాలు చాలా తక్కువ. పెళ్ళయిన కూతుళ్ళు హైకోర్టుల గడపలెక్కి గెలిచాక గాని ఆ వాక్యానికి చెమట పట్టలేదు.

దానికి తోడు మహిళా కార్మికుల స్వచ్ఛంద విరమణ పథకమొకటి నడిపారు. బాయి పని చేసే ఆడమనిషి ముందుగా దిగిపోతే ఉద్యోగం కొడుక్కి. కూతురికి కాదు. విరమణ స్వచ్ఛందమే, ఎవరూ కాదనలేదు. ఇంట్లో ఇరవై రెండేళ్ళ కొడుకు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంటే తల్లికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో అంత స్వేచ్ఛగా ఆమె దరఖాస్తు పెట్టుకుంది. అసలు భూగర్భంలోకి ఆడవాళ్ళు దిగకూడదని 1952 గనుల చట్టం చెప్పేది, దానికి ముందు నుంచీ నిషేధమే, వాళ్ళ రక్షణ కోసమట. యుద్ధానికి బొగ్గు కావలసినప్పుడు, 1943లో, రక్షణను తీసి పక్కన పెట్టి దింపారు. యుద్ధం అయిపోగానే 1946లో మళ్ళీ రక్షణ గుర్తొచ్చింది. 2019లో గాని తలుపు మళ్ళీ కొంచెం తెరవలేదు.

తాడు కట్టి అమ్మే పాత పద్ధతి పూర్తిగా పోయిందనుకుంటే అదీ పొరపాటే. చంద్రపూర్, గడ్చిరోలి నుంచి, అవతల ఆసిఫాబాద్ నుంచి పెళ్ళి పేరుతో పిల్లల్ని తీసుకుపోయి హర్యానా, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో అమ్మిన కేసులు పోలీసు రికార్డుల్లో ఉన్నాయి. హర్యానాలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 834. తమ కూతుళ్ళను పుట్టనివ్వని ఊళ్ళు మన కూతుళ్ళను కొనుక్కుంటాయి. కొన్న కోడల్ని అక్కడ మోల్‌కీ అంటారు. ఏ దాపరికమూ లేదు. ఆమె భాష అక్కడ ఎవరికీ రాదు, ఆమెకు అక్కడి భాష రాదు, వెనక్కి రావడానికి రైలు పేరు తెలియదు. వీటి మీద చమత్కరించడానికి నాకు నోరు రావడం లేదు.

ఆడవాళ్ళు సంతకాలు పెట్టరని కాదు. ఈ జిల్లా ఆడవాళ్ళు పెట్టారు. సారా బంద్ కావాలని 2010 డిసెంబర్‌లో చిమూర్ నుంచి నాగపూర్ అసెంబ్లీ దాకా నడిచారు, గ్రామ పంచాయతీల్లో తీర్మానాలు చేయించారు. 2015 ఏప్రిల్ 1 నుంచి జిల్లాలో మద్యం నిషేధించారు. 2021లో దొంగసారా పెరిగింది, ఖజానా తగ్గింది అని ఎత్తేశారు. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే పంచాయితీ. ఎత్తేసిన రోజు బార్ల ముందు దండలు వేసి హారతులిచ్చినవాళ్ళున్నారు. ఆ నడిచొచ్చిన ఆడవాళ్ళను ఎత్తేసే ముందు ఎంతమంది అడిగారో ఆ హారతి పళ్ళేన్నే అడగాలి.

మరి ఆడదాని సంతకం కోసం నిజంగా మర్యాదగా, కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి అడిగే సందర్భం లేదా? ఒకటుంది. బాపు పోయిన కొన్నాళ్ళకు వస్తుంది. తమ్ముడు బండేసుకొని అక్క ఇంటికొస్తాడు. సంచిలో చీర, పసుపు, కుంకుమ, మడిచిన కాగితం. కాగితం పేరు హక్కసోడ్ పత్రం, అంటే హక్కు వదులుకునే కాగితం, అయిదొందల స్టాంపు.

"అక్కా, జర ఒక సంతకం. సాత్‌బారాల, గదే భూమి రికార్డుల, పేర్లు ఎక్కియ్యాలె."

"ఏంది తమ్మీ అది?"

"ఏం లేదే, ఊకెనే. ఊరి భూమి, ఇక్కడి ఇల్లు. నీకు బావ సంపాదన ఉండె గదా. రేపు నీ బిడ్డ పెండ్లికి మేనమామను నేను లేనా? ఒడిబియ్యం పోసేది ఎవరు మరి?"

అక్కకు అర్థమైంది. సంతకం పెడితే ఒడిబియ్యం, రాఖీ, దసరాకు పుట్టింటి మెట్టు. పెట్టకపోతే కోర్టు, వాటా, పుట్టింటి తలుపు మీద తాళం. చెల్లెలు కూడా పెట్టిందని చెబుతాడు. చెల్లెలికి అక్క పెట్టిందని అప్పటికే చెప్పి ఉంటాడు. ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండా "ఇష్టంతోనే పెడుతున్నారా తాయీ?" అంటాడు. కాగితంలో పరిహారం గడి ఉంటే అందులో లేదు అని రాస్తారు. కార్లైల్‌లో థాంప్సన్ భార్య మేరీకి ఇరవై షిల్లింగుల ధరైనా పలికింది. అక్క వాటాకు పలికింది ఒక చీర, అదీ నేత కాదు, పాలిస్టరు.

ఇంత జరిగినా మనకు చట్టాలు తక్కువని అనుకోవద్దు. పూర్వీకుల ఆస్తిలో కూతురికి సమాన వాటా ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985 నుంచే ఇచ్చింది. మహారాష్ట్ర 1994లో ఇచ్చింది. ఢిల్లీ 2005లో దేశమంతటికీ ఇచ్చింది. తండ్రి 2005కు ముందే పోయినా వాటా వాటాయేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. మా బాబుపేట్ తెలుగు ఆడపిల్లకు రెండు రాష్ట్రాల చట్టాలు, ఒక కేంద్రం, ఒక సుప్రీంకోర్టు అండగా ఉన్నాయి. ఎదురుగా ఉన్నది ఒక్క తమ్ముడు. గెలిచేది తమ్ముడే.

ఈ ఊళ్ళో మహాకాళి గుడి కట్టించింది రాణి హిరాయి. భర్త గోండు రాజు బీర్‌షా పోయాక రాజ్యం నడిపిన మనిషి. చైత్రంలో జాతరకు తెలంగాణ నుంచి బస్సులకు బస్సులు దిగుతాయి. ఆ రాణి చేత ఎవరూ హక్కసోడ్ పత్రం మీద సంతకం పెట్టించలేదు కాబట్టి మనకు గుడి మిగిలింది. హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలడం లేదని 1951లో న్యాయమంత్రి పదవిని విసిరికొట్టిన అంబేడ్కర్, 1956 అక్టోబర్ 16న ఈ చాందాకే వచ్చి వేలమందికి దీక్ష ఇచ్చారు. ఏటా ఆ తేదీకి ఊరు ఊరంతా కదులుతుంది. ఏప్రిల్ 14న మా పేటలోనూ డీజే పెట్టి, కొడుకులందరూ నీలం కండువాలు వేసుకుని, బాబాసాహెబ్ విగ్రహానికి గజమాల వేస్తారు. ఆ దండ వేసిన చేతుల్లో ఎన్ని చేతులు అక్క చేత సంతకం పెట్టించుకున్నవో బాబాసాహెబ్ లెక్కపెడితే, ఆ మాలలో సగం వెనక్కి విసిరేస్తారు. రామనవమికి కల్యాణం జరిపించే చేతులు కూడా ఇవే కాబట్టి ఏ పార్టీ వాళ్ళూ నొచ్చుకోనక్కర్లేదు.

బాబుపేట్ అక్కలారా, చెల్లెళ్ళారా, చీర తీసుకోండి. చీర తప్పేం చేసింది? కాగితం మాత్రం రెండు రోజులు మీ దగ్గరే ఉంచుకుని చదవండి, మరాఠీ రాకపోతే అది వచ్చినవాళ్ళ చేత, తమ్ముడు తీసుకొచ్చినవాళ్ళ చేత కాకుండా మీరు పిలిచినవాళ్ళ చేత చదివించుకోండి. వదులుకోవాలనిపిస్తే వదులుకోండి, మీ ఆస్తి మీ ఇష్టం. కాని మీ వాటా బజారు ధర ఎంతో ముందు కనుక్కుని, ఆ అంకె తమ్ముడి ముందు ఒకసారి పైకి చదివి, ఆ తర్వాత కలం తియ్యండి. స్థిరాస్తి మీద రిజిస్టరు కాని హక్కసోడ్ పత్రం చెల్లదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవా సంస్థలో వకీలును ఉచితంగా ఇస్తారు. ఊరి భూమి మీద తలాఠీ (పట్వారీ) ఫేర్‌ఫార్ (పేరు మార్పు) నోటీసు ఇచ్చాక అభ్యంతరం రాసివ్వడానికి గడువు పదిహేను రోజులు.